నొప్పిలేని గడ్డ

వరంగల్లునకు ఉత్తరమున ముప్పది కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్న పరకాల ప్రాంతమునందు, కార్తికమాసము వచ్చినది మొదలు సంక్రాంతి దాటువఱకు, పత్తి ఏరుపని యంతయు స్త్రీల వ్రేళ్లమీదనే నడచును. ఏ కాయ పూర్తిగ విచ్చినది, ఏ కాయలోని దూది పురుగు తగిలి గుడ్డిపత్తి యైనది, కన్ను చూచుటకు ముందే స్పర్శచేత తెలిసికొనగల నేర్పు ఆ వ్రేళ్లకు చిన్ననాటినుండియే అలవడినది. అట్టి వ్రేళ్లకే ఒకనాడు స్నానము చేయునపుడు రొమ్ములో సెనగగింజంత గట్టిదనము తగిలినచో ఆమె దానిని గుర్తింపకపోదు. గుర్తించి, ఒత్తి చూచి, నొప్పి లేదని నిశ్చయించుకొని, అత్తతోనో అక్కతోనో ఒకమాట చెప్పి ఊరకుండును. "నొప్పి లేదు గదా, పత్తి ఏరుడు అయినంక చూపిద్దాం తియ్యి" అను సమాధానమే తఱచుగ వచ్చును. పత్తి ముగియునప్పటికి మిరప కోతకు వచ్చును. మిరప కల్లమునుండి మార్కెట్టు చేరునప్పటికి ఊరిలో పెండ్లిండ్లు వచ్చును. అంతలో తొలకరి, మరల విత్తనము. ఈ వాయిదాలలో ఏ ఒక్కటియు నిర్లక్ష్యముచేత కలిగినది కాదు. దవాఖానకు పోయిన దినమున కూలి పోవునను లెక్క ఒకటి, నొప్పిలేనిది రోగము కాదను నమ్మకము మఱియొకటి, ఈ రెండును కలిసి ఒక సంవత్సరమును మ్రింగివేయును.

ఆ నమ్మకము పూర్తిగ నిరాధారమైనది కాదు. చీముగడ్డ సలుపును, విరిగిన యెముక బాధించును, పుచ్చిన పన్ను నిద్ర పట్టనీయదు. నొప్పియే వ్యాధికి దూత యని బాల్యమునుండి మనకు మన శరీరమే నేర్పినది. కాని చీముగడ్డలో నొప్పి పుట్టుటకు కారణము అచ్చట జరుగు సంఘర్షణము: లోపల ప్రవేశించిన సూక్ష్మజీవులను ఎదిరించుటకు రక్తకణములు గుమిగూడును, ఆ తావు వాచి ఎఱ్ఱబడి వేడెక్కును, ఆ యొత్తిడికి నాడీతంతువులు స్పందించును. రొమ్ము క్యాన్సరు తొలిదశలో సాధారణముగ అట్టి కలహ మేదియు లేదు. అది వెలుపలినుండి వచ్చిన శత్రువు కాదు. మన దేహకణమే తన విభజనకుగల కట్టుబాటును కోలుపోయి, చుట్టునున్న మెత్తని క్రొవ్వును మెల్లమెల్లగ ప్రక్కకు నెట్టుచు, నాడులను రేపకుండ పెరుగును. కావుననే వైద్యులు నొప్పిగల గడ్డకంటె నొప్పిలేని, గట్టియైన, అంచులు సమముగ లేని, చోటునుండి సులభముగ కదలని గడ్డనే ఎక్కువగ అనుమానింతురు. నొప్పిగలదానికి ఆనాడే ఆటో ఎక్కించి దవాఖానకు కొనిపోవు కుటుంబమే నొప్పిలేనిదానికి సంవత్సరము గడువిచ్చుట తలక్రిందైన వివేకము. ఇంతమాత్రమున రొమ్ములో తగిలిన ప్రతి గడ్డయు క్యాన్సరే యని వడకిపోవలదు. పడుచువారిలో వ్రేలిక్రింద జారిపోవు గడ్డలు, నీటితిత్తులు, నెలసరికి ముందు గట్టిపడి పిమ్మట మెత్తబడు భాగములు, వీనిలో అధికసంఖ్యాకములు నిరపాయములే. అయితే ఏది నిరపాయమో నిర్ణయించు అధికారము నొప్పికి లేదు.

ఒక్కొక్క రొమ్మునందు 15 మొదలు 20 వఱకు తమ్మెలును, వానిలో పాలు ఊరు చిఱుతిత్తులును, ఆ తిత్తులనుండి చనుమొనవఱకు సాగు సన్నని నాళములును కలవు. చాలవఱకు క్యాన్సరు ఈ నాళముల లోపొరయందే జనించును. నాళపు గోడను దాటనంతకాలము అది అచ్చటనే బందీయై యుండును. దాటిన పిమ్మట రసనాళికల ద్వారా చంకలోని గ్రంథులకును, రక్తము ద్వారా ఎముకలకును, ఊపిరితిత్తులకును, కాలేయమునకును ప్రాకును. ఒక్క కణము రెండై, రెండు నాలుగై, ఇట్లు ముప్పదిమార్లు రెట్టించిన పిమ్మట సుమారు 100 కోట్ల కణములగును. అప్పటికి గడ్డ వ్యాసము ఒక సెంటీమీటరు, అనగా పైని చెప్పిన సెనగగింజ. ఒక్కొక్క రెట్టింపునకు పట్టు కాలము గడ్డగడ్డకును భేదించును. కొన్నిటికి ఒకటి రెండు మాసములు చాలును, కొన్నిటికి ఏడాది దాటును. మూడు నాలుగు మాసము లనుకొని లెక్కించినను, ఆ గింజ వ్రేలికి తగులునప్పటికే ఎనిమిది పది సంవత్సరములుగ లోపల పెరుగుచున్నదన్నమాట. ఇక ముందునకు లెక్కింతము. ఒక సెంటీమీటరు గడ్డ రెండు సెంటీమీటర్లగుటకు ఎన్ని రెట్టింపులు కావలెను? వ్యాసము రెండింతలైనపుడు ఘనపరిమాణము ఎనిమిదింతలగును. ఎనిమిదనగా మూడే రెట్టింపులు. పత్తి, మిరప, పెండ్లిండ్లు, తొలకరి అని గడచిపోయిన ఆ ఒక్క యేడాది అందుకు చాలును. వ్యాధిదశను నిర్ణయించుటలో వైద్యశాస్త్రము గీచిన తొలి హద్దు ఆ రెండు సెంటీమీటర్లే. మఱియొక యేడాదికి అది నాలుగు సెంటీమీటర్లగును; చంకగ్రంథులకు సోకు సంభావ్యత గడ్డతోపాటు హెచ్చుచుండును.

నియతకాలమున మరల మరల పరీక్షింపవలయునని శాస్త్రజ్ఞులు పట్టుపట్టుటకు మూలము ఈ గణితమే. గులాబిరంగు పురుగు లేతకాయలోనికి దొలుచుకొని పోయిన పిమ్మట ఆ రంధ్రము పూడిపోవును, కాయ పైకి నిగనిగలాడుచునే యుండును; ఆ సంగతి తెలిసిన పరకాల రైతు చేనిలో లింగాకర్షక బుట్టలు కట్టి, కాయలను వారమువారము కోసి చూచునే గాని, ఒక్కనాడు చూచి బాగున్నదని ఇంటికి పోడు. రొమ్ము పరీక్షయు అట్టిదే. ఒకమారు చేసిన పరీక్ష ఆనాటి స్థితిని మాత్రమే చెప్పును. మఱునాటినుండి జరుగబోవుదానికి అది పూచీపడజాలదు. మఱియు, కొన్ని గడ్డలు మిక్కిలి వేగముగ పెరిగి రెండు పరీక్షల నడుమ బయటపడును. నిరుడు బాగున్నదని చెప్పిన కాగితమును పెట్టెలో దాచుకొని ఈ యేడు తగిలిన గడ్డను ఉపేక్షించుట మహాపాయము.

ఏ లక్షణమును లేని ఆరోగ్యవతులను పరీక్షించి దాగియున్న వ్యాధిని కనుగొనుటయను భావము కొత్తది; వైద్యుడు రోగి వచ్చువఱకు వేచియుండుటయే పూర్వపు పద్ధతి. 1913లో బెర్లిను శస్త్రవైద్యుడు ఆల్బర్ట్ సాలొమన్, శస్త్రచికిత్సలో తొలగించిన సుమారు 3,000 రొమ్ములను ఎక్స్‌రే తీసి, క్యాన్సరు ఆ ఛాయాచిత్రములలో తన గుర్తులను విడిచిపెట్టునని కనుగొనెను. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట, 1963లో, న్యూయార్కు నగరమున ఫిలిప్ స్ట్రాక్స్, శామ్ షాపిరో మొదలగువారు 40 మొదలు 64 ఏండ్ల వయస్సుగల సుమారు 62,000 మంది స్త్రీలను రెండు వర్గములుగ చేసి, ఒక వర్గమునకు ఏటేట మామోగ్రఫీ యను రొమ్ము ఎక్స్‌రేయు, చేతిపరీక్షయు జరిపించిరి. స్ట్రాక్స్ భార్య ఈ వ్యాధితోనే చిన్నవయస్సున మరణించినది. ఆ దుఃఖమే ఆయనను ఈ కృషికి పురికొల్పినది. పరీక్షలు జరిగిన వర్గమున రొమ్ము క్యాన్సరు మరణములు సుమారు నాల్గవవంతు తగ్గెను. 1977లో స్వీడను దేశమున రెండు మండలములలో ఆరంభమైన మహాపరిశోధన ఈ ఫలితమును మఱింత బలపఱచెను.

మరణములను లెక్కించుటయేల, వ్యాధి తెలిసిన పిమ్మట ఎన్ని యేండ్లు బ్రతికిరో చూచిన చాలదా యని కొందఱు ప్రశ్నింతురు. చాలదు. 2030లో మరణింపనున్న ఒకామెకు వ్యాధి 2028లో తెలిసినచో రెండేండ్లు బ్రతికినదందుము. అదే 2024లో తెలిసియు చికిత్సవలన ప్రయోజనము లేకపోయినచో ఆరేండ్లు బ్రతికినదందుము. మరణదినము మారలేదు, తెలిసియున్న కాలము మాత్రము పొడుగైనది. ఈ భ్రాంతికి లోబడకుండుటకే సమానవర్గములలోని మరణసంఖ్యలను పోల్చుచున్నారు. మామోగ్రఫీకిగల లోపములనుగూడ దాచనేల? జీవితాంతమువఱకు హాని చేయని మందగమనపు గడ్డలను సైతము అది పట్టియిచ్చి, అనవసర చికిత్సకు దారితీయుట కలదు. పడుచువారి రొమ్ములు దట్టముగ నుండుటచేత ఆ ఛాయలో గడ్డ కనబడకపోవుటయు కలదు. అందుచేతనే నలువది యేండ్లకు లోపలివారికి తఱచు అల్ట్రాసౌండ్ స్కానింగు చేయుదురు. కిరణములవలన క్యాన్సరు వచ్చునేమో యను భయము మాత్రము విడువదగినది. ఒక మామోగ్రాములో దేహమునకు సోకు కిరణమాత్ర, ప్రకృతినుండి మనకు ఏడెనిమిది వారములలో ఊరకనే సోకునంత మాత్రమే.

కాని గ్రామగ్రామమున ఆ యంత్రమును నిలుపుట, దానిని నడుపువారిని, చిత్రములను చదువ నేర్చిన వైద్యులను సమకూర్చుట మన దేశమునకు సులభసాధ్యము కాదు. యంత్రము లేనిచోట చేయి ఏపాటి పని చేయగలదు? ఈ ప్రశ్నకు రెండు నగరములు రెండు విధములుగ సమాధానమిచ్చినవి. షాంఘై నగరమున 1989 మొదలుకొని 519 కర్మాగారములకు చెందిన 2,66,064 మంది వస్త్రపరిశ్రమ స్త్రీలలో సగము మందికి తమ రొమ్మును తామే పరీక్షించుకొను విధానమును శ్రద్ధగ బోధించిరి. పదేండ్ల పిమ్మట చూడగా బోధ పొందిన వర్గమున 135 మందియు, పొందని వర్గమున 131 మందియు ఈ వ్యాధితో మరణించియుండిరి. పైగా మొదటి వర్గమున నిరపాయములైన గడ్డలకు బయాప్సీలు, అనగా ముక్క తీసి చూచు పరీక్షలు, హెచ్చెను. ముంబయి నగరమున టాటా స్మారక వైద్యాలయమునకు చెందిన ఇంద్రనీల్ మిత్ర బృందము 1998లో వేఱొక మార్గమవలంబించెను. 35 మొదలు 64 ఏండ్ల వయస్సుగల 1,51,538 మంది బస్తీ స్త్రీలలో సగముమందిని, శిక్షణ పొందిన ఆరోగ్యకార్యకర్త్రులు, వైద్యులు కారు సుమా, రెండేండ్ల కొకమారు వంతున నాలుగుమార్లు చేతితో పరీక్షించిరి. ఇరువదియేండ్ల ఫలితములు 2021లో వెలువడెను. మొత్తముమీద మరణములు నూటికి 15 వంతున తగ్గినట్లు కనబడినను అది యాదృచ్ఛికము కాదని నిశ్చయించుటకు వీలుకాలేదు. అయితే ఏబది దాటిన స్త్రీలలో మాత్రము నూటికి సుమారు 30 వంతున నిస్సందేహముగ తగ్గెను, ముదిరిన దశలో బయటపడుటయు తగ్గెను. ఏబదికి లోపలివారికి మరణములలో అట్టి లాభము ఋజువు కాలేదనుట కూడ చెప్పి తీరవలెను.

షాంఘై ఫలితమును చూచి తన రొమ్మును తాను తడిమి చూచుకొనుటయే వ్యర్థమని తలంపరాదు. నెలనెల విధిగ ఒక తంతువలె జరుపుకొనుటవలన ప్రాణలాభము ఋజువు కాలేదు. తనకు సహజమైన స్థితి యెట్టిదో తెలిసియుండి, మార్పు కనబడిననాడు జాగు చేయకుండుటవలన లాభము లేదని ఎవ్వరును చెప్పలేదు. గడ్డయే కాదు, చనుమొన లోనికి లాగుకొనిపోవుట, దానినుండి నెత్తురు స్రవించుట, చర్మము గుంటపడుట లేదా బత్తాయితొక్కవలె గరుకెక్కుట, చంకలో బిళ్ల తగులుట, ఇవన్నియు దవాఖానకు పోవలసిన సూచనలే. పాలిచ్చునపుడు గట్టిపడినదే యిది యని కొందఱు, దెబ్బ తగిలినదని కొందఱు కారణము కల్పించుకొని కాలము గడుపుదురు.

తెలుగునేలయందు ఈ విషయమున జరిగిన కృషిలో ప్రత్యేకముగ స్మరింపదగినది హైదరాబాదునందలి ఉషాలక్ష్మి రొమ్ము క్యాన్సరు ఫౌండేషనువారిది. శస్త్రవైద్యులు డాక్టరు పి. రఘురామ్ వ్యాధి బారిన పడిన తన తల్లి పేర 2007లో దానిని స్థాపించిరి. 2012 మొదలు 2016 వఱకు రెండు తెలుగు రాష్ట్రములలోని 15 జిల్లాలలో 35 మొదలు 65 ఏండ్ల పేదస్త్రీలు సుమారు రెండు లక్షలమందికి చేతిపరీక్షలు జరిగినవి; ఆ పనికై గ్రామీణ ఆరోగ్యకార్యకర్త్రులనే తరిఫీదు చేసిరి. 2016లో కేంద్రప్రభుత్వము ముప్పది దాటిన స్త్రీలందఱికిని అయిదేండ్ల కొకమారు ఈ పరీక్ష జరుగవలెనని మార్గదర్శకములు వెలువరించెను. తెలంగాణ ప్రభుత్వము 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ పథకమును ప్రారంభించి, మంగళవారమునాడు స్త్రీలకే ప్రత్యేకించిన పరీక్షలలో దీనిని చేర్చెను. అయిదేండ్ల గడువు చాల దీర్ఘమని నా యభిప్రాయము. నాలుగు మాసముల కొక రెట్టింపు చొప్పున అయిదేండ్లలో పదునైదు రెట్టింపులు జరుగును. ఆనాడు ఏ చేతికిని అందని ఒక మిల్లీమీటరు గడ్డ మఱుసటి పరీక్షనాటికి మూడు సెంటీమీటర్లు దాటియుండును. రెండేండ్ల గడువైనచో అది నాలుగు మిల్లీమీటర్లకు మించదు. కాని అయిదేండ్ల పరీక్షయైనను జరుగుచున్నదా? 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము 30 మొదలు 49 ఏండ్ల భారతీయ స్త్రీలలో ఎన్నడైన ఒకమారు రొమ్ము పరీక్ష చేయించుకొన్నవారు నూటి కొకరైనను లేరు.

ఆ పరీక్ష యెట్లుండునో తెలిసినచో సగము సంకోచము తీరును. పల్లె దవాఖానలో తలుపు మూసి, తెర వేసి, నర్సమ్మ మొదట ఆమెను కూర్చుండబెట్టి రెండు చేతులు పైకెత్తుమనును. చేయెత్తినపుడు రెండు రొమ్ములు సమముగ లేచుచున్నవా, ఎచ్చటనైన చర్మము లోనికి లాగుచున్నదా యని చూచును. పిమ్మట పరుండబెట్టి, నడిమి మూడు వ్రేళ్ల మెత్తని భాగముతో, కొనలతో కాదు, కాలణా యంత వలయములుగ త్రిప్పుచు, ఒక్కొక్క చోటున మొదట పైపైన, తరువాత కొంత లోతుగ, ఆపైన ప్రక్కటెముక తగులునంత లోతుగ ఒత్తును. మెడక్రింది ఎముక మొదలు రొమ్ము దిగువ మడతవఱకు, నడిమి యెముకనుండి చంకవఱకు, పైకి క్రిందికి వరుస తప్పకుండ సాగుచు, చివర చంకలోను మెడ మూలలలోను గ్రంథులకై వెదకును. ఇదంతయు శ్రద్ధగ చేసినచో ఒక్కొక్క రొమ్మునకు కొన్ని నిమిషములు పట్టును. అరనిమిషములో ముగించిన పరీక్ష పరీక్ష కాదు. బహిష్టు ముగిసిన వారమున రొమ్ము మెత్తగ నుండును గనుక అప్పుడు వచ్చుట మేలు.

ఈ వ్యాధి పట్టణస్త్రీలదే యని పల్లెలవారు తలంచుటకు కొంత హేతువు కలదు. 2020లో వెలువడిన జాతీయ క్యాన్సరు రిజిస్ట్రీ నివేదికలో దేశమంతటను రొమ్ము క్యాన్సరు అత్యధికముగ నమోదైనది మన హైదరాబాదు జిల్లాయందే. వయోభేదమును సవరించి లెక్కింపగా అది లక్ష స్త్రీలకు 48. ఆలస్యముగ బిడ్డలను కనుట, తక్కువ కాన్పులు, పాలిచ్చు కాలము తగ్గుట, స్థూలకాయము, దీర్ఘాయువు, ఇవి కారణములని పేరుపడినవి. సంతానమునకును ఈ వ్యాధికినిగల సంబంధమును జానెట్ లేన్-క్లేపన్ అను ఆంగ్లవైద్యురాలు 1926లోనే ఐదువందలమంది రోగులను, అంతేమంది ఇతరస్త్రీలను పోల్చి నిరూపించినది. అయితే పరకాల వంటి చిన్నపట్టణముల జీవనవిధానము హైదరాబాదు దారినే పట్టుచున్నది. అంతర్జాతీయ అంచనాల ప్రకారము 2022లో మన దేశమున 1,92,020 మందికి ఈ వ్యాధి కొత్తగ కనబడెను, 98,337 మంది మరణించిరి. మరణములు కొత్త రోగులలో సగమును మించుటకు ముఖ్యకారణము ఆలస్యము.

అనుమానము గలిగిన పిమ్మట పరకాల ప్రభుత్వ దవాఖాననుండి వరంగల్లునందలి ఎంజీఎం పెద్దదవాఖానకు పంపుదురు. అచ్చట స్కానింగు, ఆపైన సూదితో చిన్న ముక్క తీసి చూచు బయాప్సీ. "సూది పొడిస్తే గడ్డ పాకుతదట" అను మాట ఇచ్చట ఎందఱినో వెనుకకు మరలించుచున్నది. సూదిపరీక్షవలన వ్యాధి ప్రాకి ప్రాణహాని కలుగునన్నది సత్యము కాదు. ముక్క తీసి చూడనిదే ఏ చికిత్స తగునో వైద్యుడు నిర్ణయింపలేడు. అనుమానమునకును నిర్ధారణకును నడుమ 60 దినములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్దేశించినది. 1947 సెప్టెంబరు 2న జాతీయపతాకము నెత్తుటకు వచ్చి తుపాకులకు ఎదురు నిలిచినవారి అమరధామము గల ఈ పరకాలలో ధైర్యమునుగూర్చి ఎవ్వరును బోధింపనక్కఱలేదు. అయినను రొమ్ము చూపుటకు సిగ్గు, పిల్లల పెండ్లిండ్లకు అడ్డు వచ్చునను జంకు, భర్త ఏమనుకొనునో యను బెంగ, వేఱు జాతి భయములు. భర్తయే తోడువచ్చి కూర్చుండిన ఇంట ఈ బెంగ త్వరగ కరగును. ఇక ఖర్చు మాటకు వచ్చినచో, ప్రభుత్వపు ఆరోగ్యశ్రీ పథకము వైద్యవ్యయమును భరించును. 1955లో హైదరాబాదు రెడ్ హిల్సునందు వెలసిన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు వైద్యాలయము పేదలకు నేటికిని ప్రధానాశ్రయము.

రొమ్మును పూర్తిగ తీసివేయుదురను భయము నేడు చాలవఱకు పాతబడినది. 1981లో మిలాను వైద్యుడు ఉంబెర్టో వెరొనేసి, గడ్డయున్న భాగమును మాత్రము తొలగించి కిరణచికిత్స చేసినను ఆయుఃప్రమాణము తగ్గదని 701 మంది స్త్రీలయందు నిరూపించెను; ఆయన ఎన్నుకొన్నవి రెండు సెంటీమీటర్లకు మించని గడ్డలు. ఆ హద్దు దాటకముందే వచ్చినామెకు రొమ్మును నిలుపుకొను అవకాశము హెచ్చు. ఆ మిలానునందే 1976లో జియాని బొనడోనా, శస్త్రచికిత్సానంతరము మూడు మందులను కలిపి యిచ్చినచో వ్యాధి తిరుగబెట్టుట తగ్గునని చూపెను. వానిలో నొకటి మెథోట్రెక్సేటు, భీమవరమున జన్మించి 1948లో న్యూయార్కున కన్నుమూసిన మన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో రూపొందిన ఔషధవర్గమునకు చెందినది.

చికిత్స ముగించుకొని ఇంటికి వచ్చినామె విషయమున ఊరివారు మఱచు సంగతి యొకటి కలదు: ఆమె కూతుండ్రు, అక్కచెల్లెండ్రు. వంశానుగతమైన జన్యుదోషమువలన వచ్చునవి నూటికి అయిదు మొదలు పది వఱకే. అయినను తల్లికో తోబుట్టువునకో వచ్చినచో, వారికి కనబడిన వయస్సునకు పదేండ్లు ముందుగనే పరీక్షలు మొదలుపెట్టవలెనని వైద్యులు సాధారణముగ చెప్పుదురు. తల్లికి నలువదియారవ యేట తెలిసినచో, కూతురు ముప్పదియారవ యేటనుండియే, అత్తవారి ఊరు రేగొండయైనను, ఆత్మకూరైనను, అచ్చటి నర్సమ్మతో తన తల్లి సంగతి చెప్పి పేరు వ్రాయించుకొనవలెను.